మూర్ఛ ఉన్న బిడ్డ ఇంట్లో రెండో మనిషి

(పర్లాకిమిడిలో మూర్ఛ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడం కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు, తిరగనివ్వండి. అరిచినా నాకేం ఇబ్బంది లేదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి చేతులెత్తమంటాను. ఇక్కడున్న వాళ్ళలో అమ్మలెంతమంది? సరే, దించండి. నాన్నలు? ఒకసారి మీరే వెనక్కి తిరిగి చూసుకోండి. హాలు నిండా అమ్మలే. మామ్మలు కొందరు, ఆశా కార్యకర్తలు కొందరు, మాస్టార్లు ఇద్దరు ముగ్గురు. నాన్నల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను నాన్నల్ని తప్పుపట్టడం లేదండీ. ఒకాయన సూరత్‌లో మగ్గాల దగ్గర ఉంటాడు, ఒకాయన హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల పనిలో ఉంటాడు, ఇంకొకాయన చెన్నైలో. ఊళ్ళో ఉన్నాయనకి కూడా ఇవాళ కూలి పోతే రేపటికి గడవదు. నాకు తెలుసు. అయినా ఇందాక ఎత్తిన చేతుల్ని గుర్తుపెట్టుకోండి. నేను చెప్పేదంతా అక్కణ్ణించే వస్తుంది.

నన్ను పిలిచినవాళ్ళు మూర్ఛ ఉన్న పిల్లల గురించి కాదు, వాళ్ళని పెంచుతున్న కుటుంబాల బతుకు గురించి మాట్లాడమన్నారు. మంచి మాట అడిగారు. ఎందుకంటే ఆసుపత్రిలో ఈ మాట ఎవరూ అడగరు. ఓపీలో ఏం అడుగుతారు మిమ్మల్ని? ఈ నెల ఎన్ని ఫిట్స్ వచ్చాయి? ఒక్కోటి ఎంతసేపు? మందు మానేశారా? మీరు చెప్తారు, డాక్టరు రాసుకుంటారు, వెనకాల ఇంకో బిడ్డ ఏడుస్తూ ఉంటుంది, మీరు లేచిపోతారు. ఆ చీటీలో అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోయిందో రాయడానికి చోటే ఉండదు. అక్కచెల్లెళ్ళ చదువు ఏమైందో రాయడానికి చోటుండదు. ఆఖరిసారి మీరు ఏ పెళ్ళికెళ్ళి స్థిమితంగా కూర్చుని భోంచేశారో ఎవరైనా అడిగారా? చెప్పండి, అడిగారా? లేదు కదా.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పేసి అసలు సంగతికి వస్తాను. మూర్ఛ మెదడు జబ్బు. గాలీ కాదు, దెయ్యమూ కాదు, ఎవరో పెట్టిన చేతబడీ కాదు. మెదడులో నరాల కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి పనిచేస్తే ఫిట్ వస్తుంది. ఒకరి ఎంగిలి తింటే అంటుకోదు, పక్కన పడుకుంటే అంటుకోదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరిగ్గా గుర్తించి సరైన మందు సరిగ్గా వాడితే వందలో 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని కూడా అదే సంస్థ చెబుతోంది. వందలో 70! ఆ మాట ఇంటికి తీసుకెళ్ళండి. ఇంకో సంగతి. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి జ్వరం ఎక్కువైనప్పుడు ఒకసారి ఫిట్ వస్తే దాన్ని మూర్ఛ జబ్బు అనం. అలాంటి పిల్లల్లో చాలామంది తర్వాత మామూలుగానే ఉంటారు.

ఎందుకొస్తుంది డాక్టరమ్మా అని అందరూ అడుగుతారు. మన వైపు కారణాలు మన వైపే ఉంటాయి. పురిట్లో బిడ్డ ఏడవడం ఆలస్యమై మెదడుకి ఆక్సిజన్ అందకపోవడం ఒకటి. మెదడువాపు జ్వరాలు ఒకటి. మలేరియా మెదడుకెక్కితే బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరికి తర్వాత ఫిట్స్ వస్తాయి. మలేరియా మనకి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగారు. ఆ జ్వరం పట్టుకుంటే క్వినైను వేసుకున్నారు, దాంతో వినికిడి పోయింది. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో మారుమూల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసి మందులిచ్చాక ఆ జ్వరం బాగా తగ్గింది. దోమతెర కట్టుకోవడం మూర్ఛని ఆపే పని కూడా, అది మరిచిపోకండి. ఇంకొకటి బద్దెపురుగు గుడ్లు. పంది మాంసం ముట్టని ఇంట్లో కూడా ఇది వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు కడుపులోకి వెళ్ళేది మలం కలిసిన నీళ్ళ నుంచి, కడగని కూరల నుంచి, కడుక్కోని చేతుల నుంచి. అవి మెదడులో చేరి చిన్న గడ్డలా కడతాయి. స్కానింగులో మచ్చ ఉందనగానే కేన్సరనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. ఇది చాలామందిలో మందులతో మానిపోయే మచ్చ. జన్యువుల వల్ల వచ్చే మూర్ఛలూ ఉన్నాయి. ఎంత వెతికినా కారణం దొరకని పిల్లలూ బోలెడంతమంది ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి.

కాశీనగర్ వైపు నుంచి ఒక తల్లి నా దగ్గరికి వస్తుంది. ఆవిడ కొడుక్కి నిద్రలో ఫిట్స్. ఒకసారి ఆవిడ కళ్ళ కింద నలుపు చూసి, రాత్రి పడుకుంటున్నావా తల్లీ అని అడిగాను. పడుకుంటన్నానమ్మా అంది. ఎలా పడుకుంటున్నావు అని అడిగాను. అప్పుడు చెప్పింది. చీర కొంగు చివర పిల్లాడి కాలి మడమకి ముడేసుకుని పడుకుంటుందట. కాలు కొట్టుకుంటే కొంగు లాగుతుంది, మెలకువ వస్తుంది. ఏ చీర పడితే ఆ చీర పనికిరాదు, జారిపోతుంది. పాత నూలు చీరలు రెండు దానికోసమే ఉంచుకుంది. ముడి బిగిస్తే పిల్లాడికి ఒరుసుకుంటుంది, వదులైతే ఊడిపోతుంది, అందుకని రాత్రి ఒకటికి రెండుసార్లు లేచి తడిమి చూసుకుంటుంది. వాడు ఉత్తినే అటు నుంచి ఇటు దొర్లినా లేస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో అత్తగారుంది, మామగారున్నాడు, ఆడబిడ్డ ఉంది. మరి వాళ్ళలో ఒకర్ని ఒక్క రాత్రి పడుకోబెట్టుకోమనొచ్చు కదా అన్నాను. ఏమందో తెలుసా? "నాను నిద్దరోతే ఎవులు సూస్తారమ్మా? ఆల్లకి భయం."

ఆల్లకి భయం. ఆ ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళున్నారు, బిడ్డని చూసేది మాత్రం ఒక్క మనిషి. మిగతావాళ్ళకి ప్రేమ లేకకాదు. ఫిట్ వస్తే ఏం చెయ్యాలో తెలీదు, అందుకని భయం. భయం కాబట్టి బిడ్డని దగ్గర పడుకోబెట్టుకోరు. పడుకోబెట్టుకోరు కాబట్టి ఎప్పటికీ నేర్చుకోరు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఇక్కడున్న అమ్మల్లో ఎంతమంది ఇలాగే కొంగు కట్టుకునో, చెయ్యి మీద చెయ్యి వేసుకునో పడుకుంటున్నారు? చేతులెత్తక్కర్లేదు. మీ మొహాలు చూస్తే తెలుస్తోంది.

నేను ఇవాళ చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో రెండో మనిషి తయారవ్వాలి. బిడ్డకి ఫిట్ వస్తే అమ్మ లేకుండా చూసుకోగలిగిన రెండో మనిషి. ఆ మనిషి దొరికితే అమ్మకి నిద్ర దొరుకుతుంది, పని దొరుకుతుంది, పుట్టింటికి వెళ్ళొచ్చే తీరిక దొరుకుతుంది, బిడ్డకి కూడా గుమ్మం దాటే వీలు దొరుకుతుంది. మందు పని మందు చేస్తుంది. మందు చెయ్యలేని పని రెండో మనిషి చెయ్యాలి.

రాత్రి ఎందుకు భయమో కూడా దాచుకోకుండా మాట్లాడుకుందాం. మీరు పైకి అనరు. మూర్ఛ ఉన్న పిల్లలు నిద్రలో హఠాత్తుగా పోతారని ఎక్కడో విన్నారు. అది అబద్ధం కాదు. కానీ చాలా అరుదు, ఏడాదికి వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ తరచుగా వచ్చే పిల్లల్లో ఆ ప్రమాదం ఎక్కువ. రాత్రి ఫిట్స్ వచ్చే బిడ్డ ఉన్న గదిలో ఒక పెద్దమనిషి పడుకోవడం మంచిదే. కాబట్టి అమ్మ కాపలా వృథా అని నేను అనను. ఆ కాపలా రోజూ అమ్మే కాయాలని ఎక్కడ రాసి ఉంది? ఈ రాత్రి అమ్మ, రేపు మామ్మ, ఎల్లుండి పిన్ని. అసలు ఆ ప్రమాదాన్ని తగ్గించేది ఏమిటంటే మందు ఒక్క పూట తప్పకుండా వెయ్యడం. నిద్రలేని మనిషికి పొద్దున్న మందు వేశానా లేదా గుర్తుంటుందా? మీరే చెప్పండి. అమ్మ నిద్ర బిడ్డ వైద్యంలో భాగమని అందుకే అంటున్నాను. మూర్ఛ ఉన్న పిల్లల బతుకు మీద రకరకాల దేశాల్లో చేసిన పరిశోధనల్లో ఒక సంగతి మళ్ళీ మళ్ళీ బయటపడింది. అమ్మ మనసు కుంగిపోయి ఉన్న ఇంట్లో, ఫిట్స్ అదుపులో ఉన్నా సరే, బిడ్డ బతుకు సుఖంగా ఉండదు. ఊరికే కన్నీళ్ళొస్తున్నాయి, దేని మీదా ఆశ లేదు, ఆకలి లేదు అనిపించే అమ్మలు ఉంటే బిడ్డ చీటీతో పాటు మీకూ ఒక చీటీ రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదది.

సరే, రెండో మనిషి ఏం నేర్చుకోవాలి? పెద్ద చదువేమీ కాదు. మామ్మ గారూ, మీరే, ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ, మీకే చెప్తున్నాను, వినండి. బిడ్డ పడిపోయి కొట్టుకుంటోంది. మొట్టమొదట గడియారం చూడండి. గడియారం చూడ్డం రాకపోతే పక్కనున్న పిల్లణ్ణి చూడమనండి. చుట్టుపక్కల రాయి, కత్తిపీట, పొయ్యి ఉంటే వాటిని జరపండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, తువ్వాలు చాలు. మెడ దగ్గర బొత్తాం విప్పండి. బిడ్డని ఒక పక్కకి తిప్పండి, చొంగ, వాంతి బయటికి కారిపోవాలి. అంతే. చేతులూ కాళ్ళూ అదిమి పట్టుకోకండి. నోట్లో ఏమీ పెట్టకండి, గరిటె వద్దు, వేలు వద్దు, నీళ్ళూ వద్దు. నాలుక మింగేస్తుందని భయపడతారు, నాలుకని ఎవరూ మింగలేరు. తాళాలగుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చెప్పు మూతి దగ్గర పెట్టడం, ఇవేవీ ఫిట్‌ని ఆపవు. మరి తాళాలు పెడితే ఆగింది కదా అంటారా? రెండు మూడు నిమిషాల్లో చాలా ఫిట్స్ వాటంతటవే ఆగిపోతాయి మామ్మ గారూ. అప్పుడు చేతిలో తాళాలున్నాయి, పేరు తాళాలకి వచ్చింది.

అయిదు నిమిషాలు. ఈ ఒక్క అంకె ఇంట్లో అందరికీ నోటికి రావాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా, ఊపిరి కష్టంగా ఉన్నా, నీళ్ళలో పడ్డా, తలకి దెబ్బ తగిలినా 108కి ఫోన్ చెయ్యండి. గట్టుకి ఇటు ఒడిశాలోనైనా, అటు ఆంధ్రలోనైనా నంబరు అదే. కొండ ఊళ్ళకి బండి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అందుకని పెద్ద ఫిట్స్ వచ్చే పిల్లలకి ఇంట్లో ఉంచుకోవడానికి మిడజోలం అనే ముక్కులో కొట్టే స్ప్రే రాసివ్వమని మీ డాక్టరుని అడగండి. డోసు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది. బిడ్డ పెరిగితే డోసు మళ్ళీ చూపించుకోవాలి. ఎలా కొట్టాలో ఆసుపత్రిలోనే చూపించమనండి, ఇద్దరికి చూపించమనండి. అమ్మకీ, రెండో మనిషికీ.

ఫిట్ ఆగాక బిడ్డ మత్తుగా పడుకుంటుంది. పడుకోనివ్వండి. చుట్టూ మూగకండి. కొందరు పిల్లలకి బట్టల్లో పోసుకోవడం జరుగుతుంది. కళ్ళు తెరిచేసరికి వీధి వీధంతా తన మీద వంగి ఉంటే ఆ బిడ్డకి ఎలా ఉంటుంది? పన్నెండేళ్ళ ఆడపిల్లకి ఎలా ఉంటుంది? రెండో మనిషి చెయ్యాల్సిన పనుల్లో జనాన్ని పంపెయ్యడం ఒకటి, మీద ఒక దుప్పటి కప్పడం ఒకటి.

ఇప్పుడు నాన్నల దగ్గరికి వస్తాను. ఇక్కడికొచ్చిన నాన్నలు మిగతావాళ్ళకి చేరవెయ్యాలి ఈ మాట. 1841లో ఇంగ్లండులో వెస్ట్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన పసికొడుకు ఉన్నట్టుండి తల ముందుకి వాల్చేవాడు, మళ్ళీ ఎత్తేవాడు, వరసగా. ఎవరికీ అంతుపట్టలేదు. ఆ తండ్రి కొడుకుని దగ్గరుండి గమనించి, ఎలా వస్తోందో వివరంగా ఉత్తరం రాసి, ఇలాంటిది ఎవరైనా చూశారా, సాయం చెయ్యండి అని ఒక వైద్య పత్రికకి పంపాడు. ఆ జబ్బుకి ఇవాళ్టికీ ఆయన పేరే. చూడండి, ఒక తండ్రి కళ్ళప్పగించి చూసింది వైద్యశాస్త్రానికి పాఠమైంది. మీరు ఉత్తరం రాయక్కర్లేదు, మీ జేబులో ఫోనుంది. బిడ్డకి ఫిట్ వచ్చినప్పుడు ఒకరు బిడ్డని చూసుకుంటుంటే ఇంకొకరు వీడియో తియ్యండి. మొహం, కళ్ళు, చేతులు, కాళ్ళు కనబడాలి. నాకు ఆ అరనిమిషం వీడియో మీరు అరగంట చెప్పినదానికన్నా ఎక్కువ చెబుతుంది. చెప్పడం మరిచాను, వెస్ట్ కొడుక్కి వచ్చినట్టు ఏడాది లోపు పిల్లలు గుత్తులు గుత్తులుగా ఉలిక్కిపడుతూ ముందుకి వంగుతుంటే కడుపునొప్పి అనుకుని వామునీళ్ళు పోస్తూ కూర్చోకండి. ఆ రకం ఫిట్స్‌కి రోజులు విలువైనవి, వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి.

సూరత్‌లో ఉన్న నాన్న ఏం చెయ్యగలడు? చాలా చెయ్యగలడు. బిడ్డ మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో నేర్చుకోగలడు. రాత్రి మందు వేళకి ఫోన్ చేసి గుర్తుచెయ్యగలడు. మందు అయిపోవడానికి వారం ముందే డబ్బు పంపగలడు. ఇంకొకటి కూడా చెప్తాను, మనసుకి పట్టించుకోండి. ఫోనెత్తగానే "మళ్ళీ వచ్చిందా?" అని అడక్కండి. "నువ్వు తిన్నావా, పడుకున్నావా?" అని ఆవిణ్ణి అడగండి. ఇది మీ పుట్టింటివాళ్ళ నుంచే వచ్చింది అనే మాట మాత్రం ఎన్నడూ అనకండి. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళలో అటువైపూ ఇటువైపూ ఎవరికీ మూర్ఛ ఉండదు. ఆ ఒక్క మాట పడ్డ తల్లులు ఆసుపత్రికి రావడం మానేసుకున్నారు. నేను చూశాను.

మూడో మనిషి కూడా ఒకరున్నారు, బళ్ళో మాస్టారు. మాస్టార్లూ, మీరు వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక పిల్ల పాఠం మధ్యలో పది సెకన్లు కళ్ళు తేలేసి ఉండిపోతుంది, పిలిస్తే పలకదు, మళ్ళీ ఏమీ ఎరగనట్టు రాసుకుంటుంది. రోజుకి చాలాసార్లు. మీరు పరధ్యానమని చెవి మెలేస్తారు. అది కూడా మూర్ఛలో ఒక రకమే. పడిపోవడం ఉండదు, కొట్టుకోవడం ఉండదు. అలాంటి పిల్ల కనిపిస్తే ఇంటికి కబురుపెట్టండి. బడికి ఏడాదికోసారి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు వస్తారు, 2013 నుంచి నడుస్తోంది, వాళ్ళు చూడాల్సిన జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉంది. ఆ రోజు ఆ పిల్లని ముందు వరసలో నిలబెట్టండి. కొన్ని మందులకి పిల్లలు తరగతిలో తూగుతారు, మొద్దు అనకండి. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, అసలే రెండు భాషల మధ్య చదువుకుంటున్నారు, పైన మందు మత్తు.

అమ్మలకి ఒక మాట. బడి మాన్పించకండి. ఫిట్స్ వచ్చే బిడ్డ చెయ్యకూడనివి నిజానికి తక్కువ. ఒక్కతీ చెరువులో, మహేంద్రతనయలో, వంశధారలో దిగకూడదు. చెట్లెక్కకూడదు. కట్టెల పొయ్యి దగ్గర ఒక్కతీ కూర్చోకూడదు. ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా రోడ్డు మీద సైకిలు వద్దు. బావి దగ్గరికి ఒంటరిగా పంపొద్దు, స్నానం కూర్చుని చెంబుతో చేయించండి, లోపల గడియ వేసుకోనివ్వద్దు. ఇవి గట్టిగా పాటించండి. మిగతావన్నీ వదిలెయ్యండి! పరుగెత్తనివ్వండి, కబడ్డీ ఆడనివ్వండి, జాతరకి తీసుకెళ్ళండి. ఎండలోకి వెళ్ళొద్దు, నవ్వొద్దు, పుల్లటిది తినొద్దు, గుమ్మడికాయ తినొద్దు అంటూ ఆ బిడ్డ చుట్టూ కట్టిన కంచెలో సగానికి సగం అక్కర్లేనిది. నిద్ర చెడకుండా చూడండి, ఎందుకంటే నిద్ర తక్కువైతే చాలామందికి ఫిట్ వస్తుంది. రాత్రంతా నాటకం చూపించకండి, పది గంటలకి ఇంటికి తీసుకొచ్చెయ్యండి. కానీ చూపించండి.

మందుల గురించి వద్దనుకున్నాను గాని, మన గట్టు మీద బతుకు ఎలా ఉంటుందంటే చెప్పక తప్పదు. ఒక బిడ్డకి బరంపురంలో ఎంకేసీజీ ఆసుపత్రిలో మందు మొదలుపెడతారు. తగ్గలేదని పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళతారు. అక్కణ్ణించి విశాఖపట్నం కేజీహెచ్. గుణుపురం, రాయగడ వాళ్ళయితే కోరాపుట్. మూడు చోట్ల మూడు చీటీలు, ఒకటి ఒడియాలో చెప్తారు, ఒకటి తెలుగులో చెప్తారు, ఒకటి అసలు చెప్పరు. మూడు పేర్లతో ఒకే మందు రెండింతలు పడ్డ బిడ్డల్ని చూశాను. పాత మందు అయిపోయిందని, కొత్త ఆసుపత్రికి వెళ్ళేదాకా వారం రోజులు ఏదీ వెయ్యని బిడ్డల్నీ చూశాను. ఒక్కసారిగా మందు మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. అందుకని ఒక్క నోటుపుస్తకం పెట్టుకోండి. అన్ని చీటీలూ అందులో అంటించండి. మందు రేకు ఖాళీ అయ్యాక పారెయ్యకండి, అదీ అంటించండి. క్యాలెండరు మీద ఫిట్ వచ్చిన రోజు ఒక గుర్తు, మందు తప్పిన రోజు ఇంకో గుర్తు. రెండు గుర్తులూ పక్కపక్కనే పడుతుంటే మీకే అర్థమవుతుంది. టానిక్ అయితే ఇంట్లో చెంచాతో కొలవకండి, ఒక్కో చెంచా ఒక్కో సైజు. సీసాతో వచ్చిన మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవండి. ఒడిశా సర్కారీ ఆసుపత్రుల్లో మందులు ఊరికే ఇచ్చే నిరామయ పథకం ఉంది. మీ బిడ్డ మందు అక్కడ దొరుకుతుందేమో ముందు అడగండి. గట్టు దాటి వెళ్ళేటప్పుడు మీ ఆరోగ్య కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని వెళ్ళి అక్కడ అడక్కండి. ఎంతకాలం వాడాలి? సాధారణంగా రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిస్తే అప్పుడు తగ్గించడం గురించి డాక్టరు ఆలోచిస్తారు. మీరు కాదు, డాక్టరు.

అంత్రం కట్టించుకోవద్దని నేను చెప్పను. మంత్రం వేసే ఎజ్జోడి దగ్గరికి వెళ్ళొద్దనీ చెప్పను. దణ్ణం పెట్టుకోండి. మందు మానమంటే మాత్రం వినకండి. వాత పెడతానంటే, పొగ పెడతానంటే ఒప్పుకోకండి.

తోడబుట్టినవాళ్ళని మరిచిపోకండి. ఇంట్లో రెండో మనిషి అంటే తొమ్మిదేళ్ళ అక్క కాదు. చాలా ఇళ్ళలో నిజంగా జరుగుతున్నది అదే, తమ్ముణ్ణి చూసుకోవడానికి అక్కని బడి మాన్పించేస్తున్నారు. ఆ పిల్లకి గడియారం చూడ్డం నేర్పండి, పెద్దవాళ్ళని పిలవడం నేర్పండి. అంతకు మించి బరువు పెట్టకండి. వారంలో ఒక గంట ఆ పిల్లకి మాత్రమే ఇవ్వండి, తమ్ముడి మాట రాకుండా.

ఆడపిల్లల తల్లులు నా కోసం ఆగి ఉన్నారని తెలుసు. పెళ్ళెలా అవుతుంది డాక్టరమ్మా? హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్ళికి అడ్డం అనే మాట ఒకప్పుడు ఉండేది. 1999లో తీసేశారు. మూర్ఛ ఉన్న ఆడవాళ్ళు పెళ్ళి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. కానీ వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో బిడ్డకి అవకరాలు తేవచ్చు. మీ అమ్మాయి పెద్దమనిషయ్యే వయసుకి వస్తుంటే ఆ మందు మార్చొచ్చా అని డాక్టరుని అడగండి. మీ అంతట మీరు ఆపకండి. దాచి పెళ్ళి చేస్తే ఏమవుతుంది? అత్తారింట్లో మందు ఎవరికీ కనబడకూడదని ఆ పిల్ల మానేస్తుంది. నిద్ర ఉండదు, ఉపవాసాలు, పెళ్ళి హడావిడి. ఫిట్ వస్తుంది. పెళ్ళికి ముందే చెప్పి, తెలిసి చేసుకునేవాళ్ళకే ఇవ్వండి. అక్కడ కూడా ఆ అమ్మాయికి ఒక రెండో మనిషి కావాలి, ఆ మనిషి భర్తే అవ్వాలి.

చివరగా, మందులు వేస్తున్నా ఆగని పిల్లలున్నారు. వందలో 30 మంది. వాళ్ళ అమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు. రెండు సరైన మందులు సరైన డోసులో వాడినా ఆగకపోతే పెద్ద ఆసుపత్రికి పంపమని అడగండి, అది మీ హక్కు. తిరువనంతపురంలో శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచి మూర్ఛకి ఆపరేషన్లు చేస్తున్నారు, బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తున్నారు. అందరికీ పనికిరాదు, కొందరికి జీవితమే మారిపోతుంది. ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చే కీటోజెనిక్ ఆహారం, అంటే కొవ్వు ఎక్కువగా, అన్నం లాంటివి బాగా తక్కువగా ఉండే తిండి, ఇంకొందరికి పనిచేస్తుంది. బుద్ధిమాంద్యమో, మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగ్గా కదలని సెరిబ్రల్ పాల్సీయో కూడా ఉంటే వికలాంగుల కార్డుకి దరఖాస్తు పెట్టుకోండి, ఫారం నింపడానికి ఇక్కడ ఆశా కార్యకర్తలు సాయం చేస్తారు. ఇవన్నీ చేశాక కూడా ఫిట్స్ ఆగకపోవచ్చు. ఫిట్స్ ఆగాక బతుకుదాం అనుకుంటే ఆ ఇల్లు ఎప్పటికీ బతకదు తల్లీ. మీకే ముందు కావాలి రెండో మనిషి. మీ ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింట్లో వెతుక్కోండి, మీ వీధిలో ఇంకో మూర్ఛ బిడ్డ తల్లి ఉంటే ఒకరికొకరు అవ్వండి. ఆవిడకి భయం ఉండదు.

నా మాటలు ఇంతే. ప్రశ్నలు తర్వాత. పిల్లల సైజు బొమ్మ ఒకటి తెచ్చాం, అదిగో బల్ల మీద ఉంది. పక్కకి తిప్పడం, గడియారం చూడ్డం, స్ప్రే కొట్టడం, అన్నీ దాని మీద చేసి చూడాలి. అమ్మలు కూర్చోండి, మీకు వచ్చు. మామ్మలు, అత్తలు, వచ్చిన నాన్నలు, మాస్టార్లు ఒక్కొక్కరే రండి. ఆకుపచ్చ చీర మామ్మ గారూ, ముందు మీరు రండి.